ఒక్క 12 మీటర్ల కైట్‌తో 10 నుంచి 25 నాట్ల దాకా: కంపెనీ చార్టు నమ్మొచ్చా?

తాడుబొంగరం · శనివారం, రాత్రి 9:10

పోయిన వారం కైట్‌సర్ఫింగ్‌కి (పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్ల పైన జారే ఆట) రామేశ్వరం వెళ్లొచ్చాను. కొత్త కైట్, 12 మీటర్లది (అంటే గుడ్డ వైశాల్యం 12 చదరపు మీటర్లు), మూడు స్ట్రట్లు (గుడ్డని నిలబెట్టే గాలి గొట్టాలు). కంపెనీ చార్టులో ఈ సైజుకి 11 నుంచి 26 నాట్లు అని ఉంది. (కొత్తవాళ్ల కోసం: ఒక నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు.) ఆ అంకెల్లో నిజమెంతో చూద్దామని నాలుగు రోజులూ దీన్నే ఎగరేశాను, గాలి ఎంతున్నా ఇంకో సైజు ముట్టుకోలేదు. నా బరువు 72 కిలోలు, బోర్డు 138 సెంటీమీటర్లు.

10-11 నాట్లు, మొదటి రోజు పొద్దున: గాల్లో నిలబడింది, అంతే. బార్ (చేత్తో పట్టుకునే కడ్డీ) కాస్త దగ్గరికి లాగితే చాలు, వెనక్కి జారి నీళ్లలో పడుతోంది. ఎనిమిది అంకె వేసినట్టు తిప్పుతూ ఉంటే బోర్డు లేచింది కానీ గాలికి ఎదురెళ్లడం కుదరలేదు. రెండుసార్లు బోర్డు చంకలో పెట్టుకుని ఒడ్డు వెంట నడిచొచ్చాను.

15-16: దీని కోసమే కదా డబ్బులు పోసింది. ఇంతకన్నా చెప్పను.

19-20: డీపవర్ స్ట్రాప్ (కైట్ లాగుడు తగ్గించే పట్టీ) సగం లాగాను. ఎదురుగాలికి రైలెక్కినట్టు వెళ్లిపోయింది. సాయంత్రానికి తొడలు పట్టేశాయి.

24-25, మూడో రోజు మధ్యాహ్నం: స్ట్రాప్ మొత్తం లాగేశాను, బార్ చెయ్యి చాచినంత దూరం వదిలేశాను, అయినా ఈడుస్తూనే ఉంది. కైట్ గుడ్డ టపటపా కొట్టుకుంటోంది. ఒకసారి అది నడినెత్తి మీదికొచ్చేసింది. నా ప్రమేయం లేకుండా రెండు మీటర్లు లేచి వీపు మీద పడ్డాను. పావుగంటలో దిగిపోయాను.

నా లెక్కలో ఇది 14 నుంచి 20 నాట్ల కైట్. మిగతాది కంపెనీవాళ్ల ఆశ. మీరేమంటారు?

కొలతరాజు · రాత్రి 9:22

24 అని ఎవరు చెప్పారు? యాప్ చెప్పిందా, మీటర్ చెప్పిందా?

తాడుబొంగరం · రాత్రి 9:25

చేతి మీటరేనండీ. ఒడ్డున నిలబడి చూశాను.

కొలతరాజు · రాత్రి 9:51

అక్కడే వచ్చింది చిక్కు. వాతావరణ కేంద్రాల్లో గాలిని కొలిచేది నేల నుంచి 10 మీటర్ల ఎత్తున. మీరు కొలిచింది భుజం ఎత్తున, పైగా వెనకాల తుప్పలైనా ఇసుక దిబ్బైనా ఉండే ఉంటుంది. కైట్ తిరిగేది ఆ భుజం ఎత్తుకి చాలా మీటర్ల పైన. నేలకి దగ్గరయ్యేకొద్దీ గాలి రాపిడికి నెమ్మదిస్తుంది కాబట్టి మీటర్‌లో 24 పడిందంటే పైన అంతకన్నా ఎక్కువే ఉంది. అది సగటా, మధ్యలో వచ్చిన ఊపా అన్నది ఇంకో ప్రశ్న. ఎంతసేపు కొలిచారు? రెండు నిమిషాలైనా పట్టుకుని చూశారా?

ఇవేవీ లేకుండా చార్టు అబద్ధం అనెయ్యడం సరికాదు. మీ పరీక్షలో పరీక్ష అనదగ్గది లేదు.

గోదారిగట్టు · రాత్రి 9:58

శీర్షికలో నాట్లు అని చూసి వరి నాట్లనుకుని వచ్చాను. వచ్చాను కాబట్టి చదువుతున్నాను. కానివ్వండి.

పెద్దకెరటం · రాత్రి 10:15

తమ్ముడూ, చార్టు తప్పు కాదు. నేను రెండేళ్లుగా ఒకే ఒక్క 12తో 26 దాకా తిరుగుతున్నాను, అదే రామేశ్వరంలో. గాలి పెరిగినప్పుడు కైట్‌ని నెత్తి మీద పెట్టుకుని కూర్చుంటే అది లేపకేం చేస్తుంది? కిందికి, పక్కకి దించాలి. మడమల మీద బరువేసి బోర్డు అంచుని నీళ్లలోకి గుచ్చాలి. అది రాకపోతే 9 ఇచ్చినా పడతారు, 7 ఇచ్చినా పడతారు. చార్టుని తిట్టేవాళ్లలో సగం మందికి కాళ్లలో బలం ఉండదు.

పాతబోటు · రాత్రి 10:31

ఎక్కువ గాలి సంగతి తర్వాత. తక్కువ గాలిలో, 10 నాట్లలో వెనక్కి పడిపోయిందన్నారే, ఆ బార్ కైట్‌తో పాటు కొన్నదా, పాతదా?

తాడుబొంగరం · రాత్రి 10:34

బార్ పాతదేనండీ, మూడేళ్లది. కైట్ ఒక్కటే కొన్నాను, డబ్బు ఆదా అని.

పాతబోటు · రాత్రి 10:58

అనుకున్నాను. బార్ నుంచి కైట్‌కి వెళ్లే నాలుగు తాళ్లలో (లైన్లలో) బరువు ఎక్కువగా మోసేవి ముందు లైన్లు. మూడేళ్లలో అవి వెనక లైన్లకన్నా ఎక్కువ సాగుతాయి. అప్పుడు వెనక లైన్లు పొట్టివైపోయినట్టే కదా, మీరు బార్ వదిలినా కైట్ వెనక అంచు కిందికి లాగే ఉంటుంది. గట్టిగాలిలో ఇది అంతగా తెలియదు. తక్కువ గాలిలో మాత్రం మీరు చెప్పినట్టే ఊపిరాడక వెనక్కి జారుతుంది.

ఇలా చూడండి. నాలుగు లైన్లనీ ఒకే కొక్కేనికో పడవ కొయ్యకో తగిలించండి. డీపవర్ స్ట్రాప్ పూర్తిగా వదిలేసి, బార్‌ని కిందిదాకా లాగి పట్టుకోండి. నాలుగూ సమానంగా బిగిస్తే సరే. ముందువి వేలాడుతుంటే ఆ తేడా ఎంతో కొలిచి, వెనక లైన్లని కైట్ దగ్గర ఇంకో ముడికి మార్చండి. ఆ తర్వాత మళ్లీ 11లో ఎగరేసి అప్పుడు రాయండి. చార్టు కింది సగం మీద మీరిచ్చిన తీర్పు కైట్ మీద కాదు, బార్ మీద.

తాడుబొంగరం · రాత్రి 11:20

ఇప్పుడే మేడ మీద గేటుకి కట్టి చూశాను. ముందు లైన్లు ఏడు సెంటీమీటర్లు ఎక్కువున్నాయి. కింది అంకె వెనక్కి తీసుకుంటున్నాను. పై అంకె మాత్రం తీసుకోను.

కొలతరాజు · రాత్రి 11:24

పై అంకె కొలిచింది రెండు నిమిషాలా, రెండు సెకన్లా? ఇంకా చెప్పలేదు.

సిలికాన్‌బావ · ఆదివారం, ఉదయం 6:02

నేను కాలిఫోర్నియాలో షెర్మన్ ఐలండ్ దగ్గర ఆడుతుంటాను. ఒక విషయం ఎవరూ అనలేదు. చల్లగాలి చిక్కన, వేడిగాలి పల్చన. 15 డిగ్రీల్లో వీచే 20 నాట్లకీ 32 డిగ్రీల్లో వీచే 20 నాట్లకీ లాగుడులో నూటికి ఐదారు వంతుల తేడా ఉంటుంది. ఈ చార్టు చలిదేశంలో తయారైందే అనుకోండి. ఆ లెక్కన రామేశ్వరంలో 12 చార్టుకన్నా ఇంకాస్త ఎక్కువే తట్టుకోవాలి, తక్కువ కాదు.

పెద్దకెరటం · ఉదయం 7:40

అదీ మాట. చూశారా, చదువుకున్నవాళ్లు కూడా అదే అంటున్నారు. ఒక్క 12 చాలు. ముందూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

ఉప్పుగాలి · ఉదయం 8:26

ముందూ చెప్పారు. అవునండీ, అది నాకు బాగా గుర్తుంది. రెండేళ్ల కింద ఇక్కడే “రామేశ్వరానికి ఒక్క 12 చాలు, మిగతాదంతా దుకాణాల వ్యాపారం” అని రాశారు. అది చదివే నేను 12 కొన్నాను. లక్షన్నర. నా బరువు 56 కిలోలు.

జులైలో ఒక మధ్యాహ్నం, ఒడ్డున 14 ఉందనుకుని బొటనవేలు పైకెత్తి కైట్ వదలమన్నాను. అది పైకెళ్లేలోపే ఊపు వచ్చింది. 22 అన్నారు తర్వాత. ఇసుక మీద ముప్పై అడుగులు ఈడ్చుకుపోయింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. జడ వేసుకోవడానికి కూడా అమ్మ కావాల్సి వచ్చింది.

కాళ్లలో బలం గురించి మళ్లీ ఒకసారి చెప్పండి, వింటాను.

పెద్దకెరటం · ఉదయం 8:44

అయ్యో, దెబ్బ తగిలినందుకు బాధగా ఉంది. కానీ నువ్వు క్విక్ రిలీజ్ (కైట్ లాగుడుని ఒక్కసారిగా వదిలించే పిడి) ఎందుకు లాగలేదు? అది ఉన్నదే అందుకు. పిచ్చి ఊపు వచ్చినప్పుడు 9 అయినా ఈడుస్తుంది. తప్పు సైజుది కాదు, రిలీజ్ లాగని చేతిది.

ఉప్పుగాలి · ఉదయం 8:51

ముందు “నువ్వు” మానెయ్యండి. మనకి పరిచయం లేదు.

రిలీజ్ ఎందుకు లాగలేదంటే, లక్షన్నర కైట్ వెళ్లి ముళ్లకంపలో పడుతుందని అరక్షణం ఆలోచించాను కాబట్టి. ఆ అరక్షణం నా తప్పే, ఒప్పుకుంటాను. ఆ అరక్షణంలో అంత దూరం లాగేంత గుడ్డ నా చేతిలో ఎందుకుందన్నది మీరు చెప్పాలి.

గోదారిగట్టు · ఉదయం 8:53

అక్కా, గట్టిగా అడిగావు.

నిర్వాహకుడు · ఉదయం 9:05

అందరికీ: గారూ, మీరూ అని మాట్లాడుకుందాం. వ్యక్తిగతంగా వెళ్తే తాళం వేస్తాను.

కొలతరాజు · ఉదయం 9:12

14 అని ఎలా తెలిసింది? మీటర్ ఉందా? లేక అలల నురగ చూసి చెప్పారా?

ఉప్పుగాలి · ఉదయం 9:14

స్వామీ, మీకో దండం.

పెద్దకెరటం · ఉదయం 10:30

సరే, మీరు. నేను దురుసుగా అన్నమాట నిజమే. కానీ నా వైపు కూడా వినండి.

నేను ఈ ఆట నేర్చుకోవడానికి వెళ్లినప్పుడు ఒకాయన నాకు 7, 9, 12 మూడూ కొంటేనే మొదలుపెట్టు అన్నాడు. మూడూ కలిపితే అప్పట్లో నా ఏడాది జీతంలో సగం. హైదరాబాద్ నుంచి మదురైకి విమానం, అక్కణ్నుంచి 170 కిలోమీటర్లు కారు, ఏడాదికి మహా అయితే మూడు ట్రిప్పులు. దానికి మూడు కైట్లా? నాతో పాటు వచ్చిన ఇద్దరు ఆ మాట విని ఆటే మానేశారు. ఒకడు మా బావమరిదే, నాకన్నా ఈత బాగా వచ్చినవాడు. అందుకే ఒక్క 12 చాలు అని రాశాను. ఎవర్నో పడెయ్యాలని కాదు. ఇది డబ్బున్నవాళ్ల ఆట మాత్రమే కాకూడదని.

ఉప్పుగాలి · ఉదయం 10:52

మీ బాధ అర్థమైంది. మరి ఆ పోస్టులో మీ బరువు ఎందుకు రాయలేదు?

పెద్దకెరటం · ఉదయం 10:55

ఎవరూ అడగలేదు. 96.

ఉప్పుగాలి · ఉదయం 11:20

96.

మామూలుగా అందరూ వాడే మోటు లెక్క ఒకటుంది. బరువుని 2.2తో గుణించి, గాలి నాట్లతో భాగిస్తే సుమారుగా సైజు వస్తుంది. దాన్ని తిప్పి చూడండి, 12 మీటర్లు ఎవరికి ఎంత గాలిలో సరిపోతుందో. మీకు 17, 18 నాట్లు. తాడుబొంగరం గారికి 13. నాకు 10. మీ మధ్యాహ్నపు సరదా గాలి నాకు తుఫాను.

ఇంకోటి. గాలి వేగం రెట్టింపైతే లాగుడు రెట్టింపు కాదు, నాలుగింతలు. 14 నుంచి 22కి వెళ్తే దాదాపు రెండున్నర రెట్లు. చార్టులో 11-26 అని ఒకే గీత గీసి ఇచ్చారు, మీరు దాన్నే సమర్థిస్తున్నారు. ఆ గీత ఎంత బరువు మనిషి కోసం గీశారో దాని మీద లేదు. మీ పోస్టులోనూ లేదు. నా గొడవ ఇదొక్కటే. సైజులూ దుకాణాలూ కాదు.

సిలికాన్‌బావ · ఉదయం 11:41

నేను కూడా నా బరువు చెప్పలేదు. 88. ఐదారు వంతుల చిక్కదనం ఈ తేడా ముందు ఏపాటిది. నా మాట పక్కన పెట్టండి.

తాడుబొంగరం · మధ్యాహ్నం 12:10

నేను మొదటి పోస్టులోనే 72 అని రాశాను. ఒక్కరూ పట్టించుకోలేదు, అందరూ మీటర్ మీద పడ్డారు.

కొలతరాజు · మధ్యాహ్నం 12:14

మీటర్ కూడా ముఖ్యమే.

పాతబోటు · మధ్యాహ్నం 12:40

కెరటం గారూ, ఒక్క కైట్‌తోనే మొదలుపెట్టాలంటే అది ఏ సైజో అన్నదే కదా ప్రశ్న. 96 కిలోల ఆయనకి ఆ ఒక్కటీ 12. 56 కిలోల ఆవిడకి ఆ ఒక్కటీ 8, లేదా 9. ఖర్చు అదే, ఇంకా కాస్త తక్కువే. మీరు చెప్పిందాంట్లో “ఒక్కటి” తప్పు కాదు, “12” తప్పు.

పెద్దకెరటం · సాయంత్రం 4:05

పాత పోస్టు దిద్దాను. మొదటి లైనులోనే 96 కిలోలు అని పెట్టాను. “12 చాలు” తీసేసి “నాకు 12 చాలు” అని మార్చాను. 26లో నేను తిరిగేది నిజం, అది మాత్రం మార్చను.

ఉప్పుగాలి · సాయంత్రం 4:30

చూశాను. థాంక్స్.

నా 12 ఇంకా అలమరలోనే ఉంది. ఆ రోజు తర్వాత విప్పలేదు. ఎవరి దగ్గరైనా వాడిన 9 ఉంటే చెప్పండి, మారుస్తాను. బ్లాడర్‌కి (కైట్ లోపల గాలి నింపే గొట్టానికి) అతుకులున్నా పర్లేదు, గాలి నిలిస్తే చాలు.

గోదారిగట్టు · సాయంత్రం 4:33

నా బరువు 91 అక్కా. ఆ 12 ఎంతకిస్తావు?

కొలతరాజు · సాయంత్రం 4:36

ఈత వచ్చా మీకు?