"ప్రధాన సంఖ్య"లో ప్రధానం ఏంది?

హన్మకొండ దగ్గర బడిలో లెక్కలు చెప్త. మొన్న ఆరో తరగతిల బోర్డు మీద "ప్రధాన సంఖ్య" అని రాయంగనే ఒక పిలగాడు లేచి, "సార్, మా అక్కకు మొన్ననే ప్రధానం అయింది" అన్నడు. క్లాసంత నవ్వుడే. కని వాని అనుమానం సబబే. మంత్రి పక్కన ప్రధానమంటే పెద్ద, పెండ్లిల అయితే ఉంగరం. ఒకటితోని, తనతోని తప్ప దేనితోని శేషం లేకుంట తెగని సంఖ్యనే ప్రధాన సంఖ్య అంటరు. అట్లాంటి 7కు ఏం పెద్దరికం ఉందని? హిందీల అభాజ్య, కన్నడల అవిభాజ్య అంటరు. మా ఉర్దూ మీడియం సారు "ముఫ్రద్ అదద్" అంటడు, ఒంటిది అని. తమిళంల అయితే "పగా ఎణ్". మన "పగులు" ఆ ఇంటి మాటే.

↳ అవిభాజ్య పెడితే ఇంకో తంటా సార్. 13ను 4తో భాగించుమంటే అక్కడ 13 విభాజ్యమే (భాగించబడే సంఖ్య) గదా! ఇంగ్లీషు ప్రైమ్‌కు లాటిన్‌ల మొదటిది అని అర్థం. యూక్లిడ్ వాడిన గ్రీకు మాటకూ అదే అర్థం. ఆ లెక్కన "ప్రథమ" రావాలె.

↳ ప్రధానను అంత తేలిగ్గ తీసెయ్యకుండ్రి. సాంఖ్య దర్శనంల ప్రధానమంటే మూల ప్రకృతి, అన్నీ దాన్నుంచే పుట్టినయి. 12 అంటే 2×2×3. ఒకటి దాటిన ఏ సంఖ్య అయినా ప్రధాన సంఖ్యే, లేకుంటే ప్రధాన సంఖ్యల హెచ్చవేతే. ఇంతకన్న సరైన మాట ఏడ దొరుకుతది?

↳ (నేనే) ఒప్పుకున్న. రేపు పిల్లలకు వేయిస్తంభాల గుడి కట్టిన 1163 ఇస్త, ప్రధానమా కాదా చూడుమని. 35 వర్గం 1225, దాటిపాయె. కాబట్టి 31 దాకా ఉన్న పదకొండు ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. 17తో చేస్తే 7 మిగులుతది, 29తో 3. ఏదీ తెగదు. రామప్ప శాసనం 1213 కూడ అట్లనే! వెయ్యి మాత్రం ఉత్త రెండ్లు, ఐదులే.

↳ పెద్దవాటికి ఈ పద్ధతి నడ్వదు సార్. 2024 అక్టోబరుల బయటపడ్డ ప్రధాన సంఖ్యకు 4,10,24,320 అంకెలు. 13,62,79,841 రెండ్లను హెచ్చవేసి ఒకటి తీసేస్తే వచ్చేది. అసొంటివాటికి లూకాస్–లెమర్ పరీక్ష. 31 మీద చూడుండ్రి, అది ఐదు రెండ్ల హెచ్చవేతకు ఒకటి తక్వ. 4తో మొదలువెట్టి వర్గం చేసి 2 తియ్యాలె: 14. మళ్ల చేస్తే 194, 31తో భాగిస్తే శేషం 8. మళ్ల చేస్తే 62, శేషం సున్న. అయిపాయె, 31 ప్రధానమే. రెండ్లు ఎన్నుంటే అంతకు రెండు తక్వ సార్లు చెయ్యాలె. ఏ చిన్న సంఖ్యతోని పగలగొట్టి చూసుడు లేదు.

↳ (నేనే) బాగుంది. పైన "ప్రధాన సంఖ్య" ఉంచి, కింద "పగలని సంఖ్య" అని రాస్త.

↳ మా ములుగు దిక్కు కుండ పగలదు సార్, పల్గుతది. "పల్గని లెక్క" అని రాయుండ్రి, పిలగాండ్లకు చప్పున ఎక్కుతది.