రియాద్‌లో మధ్యాహ్నం మంట, తెల్లవారుజామున స్వెట్టర్. ఎందుకిలా?

జగిత్యాల అబ్బాయి:
మూడేళ్లు జెద్దాలో చేసి ఈమధ్యే రియాద్ బయట ఒక సైట్‌కి రాడ్ బెండింగ్ పనికి వచ్చాను. జెద్దాలో పగలు ఎంత ఉక్కపోతో రాత్రీ అంతే, చొక్కా ఒంటికి అంటుకునే ఉండేది. ఇక్కడ మార్చిలోనే మధ్యాహ్నం గ్లవ్స్ లేకుండా రాడ్డు ముట్టుకోలేకపోతున్నాం, తెల్లారి నాలుగింటికి లేస్తే మాత్రం చలికి చేతులు ముడుచుకుపోతున్నాయి. ఇసుక తొందరగా కాగి తొందరగా చల్లారుతుంది, అంతే అంటున్నాడు ఫోర్‌మన్. మరి జెద్దా చుట్టూ ఉన్నదీ ఇసుకే కదా? ఎవరైనా సరిగ్గా చెప్పండి అన్నా.

సైన్స్ టీచర్, కర్నూలు:
తమ్ముడూ, మంచి ప్రశ్న అడిగావు. ఫోర్‌మన్ చెప్పింది తప్పు కాదు, కానీ అది సగమే. పగలు కాగిన నేల రాత్రంతా ఆ వేడిని కంటికి కనిపించని పరారుణ కిరణాల రూపంలో పైకి వదిలేస్తూ ఉంటుంది. గాలిలో నీటి ఆవిరి బాగా ఉంటే అది ఆ కిరణాలను పట్టుకుని కొంత వేడిని మళ్లీ కిందికి పంపిస్తుంది, అంటే నేలకు దుప్పటి కప్పినట్టే. జెద్దా ఎర్ర సముద్రం ఒడ్డున ఉంది కాబట్టి ఆ దుప్పటి ఎప్పుడూ ఉంటుంది, పైగా సముద్రం రాత్రికి రాత్రి చల్లారేది కాదు. రియాద్ సముద్రానికి వందల కిలోమీటర్ల దూరం, దాదాపు 600 మీటర్ల ఎత్తు, గాలి పొడి, ఆకాశంలో మబ్బు కూడా తక్కువే. వేడికి అడ్డం పడేదే లేదు.

పగటి మంటకూ కారణం ఈ పొడిదనమే. మన పొలంలో తడి ఉంటే ఎండలో చాలా భాగం ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. ఒక లీటరు నీళ్లు ఆవిరి కావడానికి పట్టే వేడితో దాదాపు ఏడు లీటర్ల మామూలు నీళ్లను మరిగే దాకా కాచవచ్చు! తడి లేని నేలలో ఆ వేడంతా ఇసుకను, దాన్ని తాకే గాలిని కాల్చడానికే పోతుంది. ఇసుకలో వేడి లోపలికి దిగదు కూడా. మధ్యాహ్నం జానెడు లోతు తవ్వి చెయ్యి పెట్టి చూడు, పైన కాలుతున్నా లోపల చల్లగా ఉంటుంది. పైపొరలో ఉన్న కాస్త వేడి చీకటి పడ్డాక ఎంతసేపు నిలుస్తుంది చెప్పు.

పాత చరిత్ర అంటే పిచ్చి:
దీనికి మన దేశంలోనే గట్టి సాక్ష్యం ఉంది. కరెంటు, ఫ్రిజ్ లేని రోజుల్లో అలహాబాద్‌లో చలికాలం రాత్రుళ్లు ఐసు తయారుచేసేవాళ్లు. గుంటల్లో గడ్డి పరిచి, దాని మీద లోతు లేని మట్టి మూకుళ్లలో నీళ్లు పోసి ఆరుబయట వదిలేస్తే తెల్లారేసరికి గడ్డకట్టేవి, అదీ గాలి సున్నా డిగ్రీలకు దిగని రాత్రుళ్లలో. రాబర్ట్ బార్కర్ అనే ఆయన దీన్ని చూసి 1775లో రాశాడు. మూకుడులోని నీళ్లు కాస్త ఆవిరవుతూ కొంత వేడి పోయేది, మిగతాది నేరుగా ఆకాశంలోకి. మబ్బు పట్టిన రాత్రి ఐసు వచ్చేది కాదు.

సైట్ ఇంజినీర్, దమ్మామ్:
తమ్ముడూ, ఇది పనిలోనూ గుర్తుపెట్టుకో. కొత్తగా పోసిన స్లాబ్ పగలు కాగి రాత్రి ఒక్కసారిగా చల్లారితే పగుళ్లు వస్తాయి. తడి గోనెపట్టాలు కప్పి, పైన పాలిథిన్ వేసి రాత్రి కూడా ఉంచమని అడుగు. తీసేయమంటే ఊరుకోవద్దు.

జగిత్యాల అబ్బాయి:
అందరికీ థాంక్స్. రాత్రి ఒకటి చూశాను. సైట్‌లో రెండు పికప్‌లు ఉంటే ఆరుబయట పెట్టినదాని అద్దం మీద తెల్లారి మంచు బిందువులు, షెడ్డు కింద ఉన్నదాని అద్దం పొడిగా ఉంది. ఇదీ అదేనా?

సైన్స్ టీచర్, కర్నూలు:
అదే తమ్ముడూ. బయట ఉన్న అద్దం తన వేడిని ఆకాశంలోకి వదిలి గాలి కంటే ఎక్కువ చల్లబడింది, అందుకే గాలిలో ఉన్న కొంచెం తేమ దాని మీద చేరింది. రెండో అద్దానికి షెడ్డు రేకే దుప్పటి. నువ్వూ మంచం రేకు కిందికి జరుపుకో, ఆరుబయట పడుకోకు.