ఏళ్ల తరబడి పశువుల ఎరువు తోలిన చేలలో ఏం మారుతోంది?

నల్లరేగడి (మేడికొండూరు)
మా వైపు మిర్చి, పత్తి మార్చి మార్చి వేసే రేగడి చేలకు ఏడాది విడిచి ఏడాదైనా పశువుల ఎరువు తోలడం తాతల నాటి అలవాటు. కాడెడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చిన తర్వాత ఇంటి దిబ్బ చాలడం లేదు కనుక, ఇప్పుడు పాడి కొట్టాల నుంచి ట్రక్కుల లెక్కన కొని తోలుకుంటున్నాము. ఇటీవల చేయించిన భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం మధ్యస్థంగా, భాస్వరం బాగా ఎక్కువగా, జింకు తక్కువగా వచ్చాయి. పత్రం చూసిన ఒకరు ఎరువు తోలడం ఆపమన్నారు, మరొకరు ఎట్టి పరిస్థితిలోనూ ఆపవద్దన్నారు. ఇరవై, ముప్పై ఏళ్లుగా ఎరువు వేస్తున్నవారు తమ నేలల్లో ఏం గమనించారో చెబితే నిర్ణయం తీసుకోవడం సులువవుతుంది.

పాత అధికారి (గుంటూరు)
వ్యవసాయ శాఖలో పనిచేసి విరమించినవాణ్ణి. పశువుల ఎరువు ప్రభావం ఒకటి రెండు పంటల్లో తేలేది కాదు కనుక, దీర్ఘకాలిక ప్రయోగాల వైపు చూడటమే మేలు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1843 నుంచి ఒకే పొలంలో గోధుమ వేస్తూ, కొన్ని మడులకు ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు వేస్తున్నారు. ఎరువు పడని మడులతో పోలిస్తే అక్కడ సేంద్రియ కర్బనం రెట్టింపు దాటింది. నన్ను అంతకంటే ఎక్కువ ఆకట్టుకున్నది పక్కనే ఉన్న బార్లీ ప్రయోగం. అందులో ఒక మడికి 1852 నుంచి 1871 వరకు మాత్రమే ఎరువు వేసి ఆపేశారు. వందేళ్లు దాటిన తర్వాత కూడా ఆ మట్టిలో కర్బనం ఎన్నడూ ఎరువు ఎరుగని మడి కంటే ఎక్కువగానే ఉంది.

అయితే ఆ లెక్కను యథాతథంగా గుంటూరుకు తెచ్చుకోకూడదు. అక్కడి చలిలో నెమ్మదిగా కుళ్లే పదార్థం మన ఎండలకు, ఏటా రెండు మూడుసార్లు లోతుగా దున్నే అలవాటుకు వేగంగా కరిగిపోతుంది. ఎన్ని ట్రక్కులు తోలినా పత్రంలో కర్బనం అంకె పెద్దగా కదలలేదని చాలామంది నిరాశపడతారు గానీ, ఎరువు మానేసిన చేలో ఆ అంకె కిందికి జారుతుందన్న సంగతి గుర్తించరు. మన దేశంలో 1970లో మొదలైన దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాల సారం కూడా ఇదే: రసాయన ఎరువులతో పాటు పశువుల ఎరువు పడిన మడుల్లోనే దిగుబడి ఏళ్ల తరబడి నిలకడగా ఉంది, నత్రజని ఒక్కటే వేసిన మడులు వెనుకబడ్డాయి. కాబట్టి ఆపమన్న సలహాను నేను ఒప్పుకోను.

మట్టి పరీక్షకుడు (విజయవాడ)
అధికారి గారి మాటకు ఒక షరతు చేర్చవలసి ఉంది. కెనడాలోని లెత్‌బ్రిడ్జ్‌లో మాంసం కోసం పశువులను మందలుగా కట్టి మేపే పెద్ద దొడ్లు ఉన్నాయి. ఆ దొడ్ల ఎరువును 1973 నుంచి పొలంలో వేస్తూ అక్కడి శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు మట్టిని పరీక్షించారు. వర్షాధారపు మడులకు హెక్టారుకు 30, 60, 90 టన్నులు, నీటి వసతి ఉన్నవాటికి 60, 120, 180 టన్నులు ఏటా వేశారు. కర్బనం, నత్రజని పెరిగాయి. వాటితో పాటు భాస్వరం పేరుకుపోయింది, లవణాలు పెరిగాయి, నైట్రేటు లోతు పొరలకు దిగింది. కొన్ని మడుల్లో ఎరువు ఆపి చూసినా పేరుకున్న భాస్వరం ఏళ్ల తరబడి తగ్గలేదు. ఆ మోతాదులు మనం కలలో కూడా వేయలేనివి, అక్కడి వర్షపాతం మనదానిలో సగం కూడా ఉండదు, పైగా ఆ పశువుల మేతలో ధాన్యం, ఉప్పు వాటా ఎక్కువ. కనుక లవణాల భయం మనకు అంతగా లేదు, భాస్వరం సంగతి మాత్రం మన పత్రాల్లోనూ కనిపిస్తోంది.

కారణం చిన్న లెక్కలోనే ఉంది. బాగా చివికిన పశువుల ఎరువులో సుమారు అర శాతం నత్రజని, 0.2 శాతం భాస్వరం, అర శాతం పొటాష్ ఉంటాయి. మిర్చికి సిఫారసు చేసే ఎకరానికి 10 టన్నులు వేస్తే 50 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం, 50 కిలోల పొటాష్ నేలకు చేరతాయి. ఆ నత్రజనిలో మొదటి పంటకు అందేది దాదాపు మూడో వంతే, మిగిలినది తర్వాతి పంటలకు నెమ్మదిగా విడుదలవుతుంది. ఇక 50 కిలోల డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేటు) కట్టలో ఉండే భాస్వరం 23 కిలోలు. అంటే ఎరువు రూపంలో దాదాపు ఒక కట్ట డీఏపీ అప్పటికే నేలలో పడిపోయింది. మన రాష్ట్రంలో నీటి వసతి కింద మిర్చికి సిఫారసు చేసే భాస్వరం హెక్టారుకు 60 కిలోలు, అంటే ఎకరానికి 24 కిలోలు. ఎరువు తోలిన ఏడు కూడా దుక్కిలో రెండు కట్టల డీఏపీ, ఆ తర్వాత 28-28, 14-35-14 వంటి కాంప్లెక్స్ ఎరువులు వేసే రైతు ఆ అవసరాన్ని ఎన్ని రెట్లు దాటుతున్నాడో మీరే వేసుకోండి. పంట తీసుకోని భాస్వరం నీటితో కొట్టుకుపోయేది కాదు, మన సున్నపు రేగడిలో అక్కడే బిగిసిపోతుంది.

నల్లరేగడి (మేడికొండూరు)
అంటే తగ్గించవలసింది ఎరువు కాదు, డీఏపీ అంటారా? మా ఊళ్లో ఈ మాట చెబితే ఎరువుల కొట్టు అరుగు మీద నవ్వుతారు. జింకు తగ్గడానికి కూడా ఇదే కారణమా?

పాత అధికారి (గుంటూరు)
పరీక్షకుడు గారి లెక్క సరైనది, నా అభిప్రాయమూ అదే. జింకు విషయంలో రెండు సంగతులు కలిశాయి. సున్నం ఎక్కువగా ఉండి ఉదజని సూచిక (పీహెచ్) 8 దాటిన రేగడిలో జింకు సహజంగానే మొక్కకు అందదు. దానిపై భాస్వరం అతిగా ఉన్నప్పుడు వేరు జింకును తీసుకొని పైకి పంపే పని మరింత మందగిస్తుంది. పశువుల ఎరువులో కొద్దిగా జింకు ఉండటమే గాక, దానిలోని సేంద్రియ ఆమ్లాలు నేలలోని జింకును కరిగే రూపంలో పట్టి ఉంచుతాయి. అందుకే ఎరువును మానితే మీ లోపం పెరుగుతుందే తప్ప తగ్గదు. జింకు సల్ఫేటు వేసేటట్లయితే డీఏపీతో కలపకుండా, చివికిన ఎరువులో కలిపి దుక్కిలో వేయండి. పైరు మీద లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున పిచికారీ చేయవచ్చు.

పసుపు కొమ్ము (దుగ్గిరాల)
ఇంతవరకు ఎంత వేయాలన్న చర్చే జరిగింది, ఎలా వేస్తున్నామో ఎవరూ ప్రస్తావించలేదు. మా లంక పొలాల్లో ఏప్రిల్‌లో ఎరువు తోలి, చేనంతా అక్కడక్కడ కుప్పలు పోసి, రోహిణి కార్తె దాటి వాన పడేవరకు అలాగే వదిలేస్తారు. ఆ ఎండలో కుప్ప పైభాగం పొడిపొడిగా తెల్లబారి, చేతితో నలిపితే పొట్టులాగా గాలికి లేచిపోతుంది. లోపల తడిగా ఉన్న చోట మాత్రం ముక్కు పగిలే ఘాటు వాసన వస్తుంది. ఆ ఘాటు అమోనియా, అంటే మనం డబ్బు పెట్టి కొన్న నత్రజని. వాన పడిన తర్వాత చూస్తే కుప్ప ఉన్న చోట పైరు గుబురుగా, నల్లగా, మధ్యలో పల్చగా ఉంటుంది. చేను నిండా పచ్చని చుక్కలు పెట్టినట్టుండే ఆ దృశ్యం చూసి మురిసిపోయేవారు కూడా ఉన్నారు!

మేము ఇప్పుడు దిబ్బను చెట్టు నీడన గట్టుగా పేర్చి, తడి ఆరకుండా చూస్తూ, పైన మట్టి మెత్తి ఉంచుతాము. దుక్కి పదును దొరికిన రోజునే తోలి, చిమ్మి, ఆ సాయంత్రానికే దున్నించేస్తాము. కూలి ఖర్చు కొంత పెరిగింది. అయితే పచ్చి ఎరువుతో వచ్చే తోటకూర, గునుగు వంటి కలుపు, వేరుపురుగు, చెదలు గణనీయంగా తగ్గాయి కనుక ఆ ఖర్చు కలుపు తీతలోనే తిరిగి వచ్చింది.

పాడి కొట్టం (గన్నవరం)
నేను ఎరువు అమ్మే వైపు ఉన్నవాణ్ణి కనుక కొనేవారికి తెలియని ఒక మార్పు చెబుతాను. పాతికేళ్ల క్రితం పశువుల కింద వరిగడ్డి, చెత్త పరిచేవారు, మూత్రమంతా అందులో ఇంకి దిబ్బకు చేరేది. ఇప్పుడు గచ్చు చేసిన కొట్టాలను గొట్టంతో కడుగుతున్నాము కనుక మూత్రం కాలువలోకి పోతోంది. పశువు విసర్జించే పొటాష్‌లో అధిక భాగం, నత్రజనిలో చాలా భాగం మూత్రంలోనే ఉంటాయి. మిగిలిన పేడలో భాస్వరం వాటా అధికం. పరీక్షకుడు గారు చెప్పిన పేరుకుపోవడానికి ఇది కూడా తోడవుతుంది. కొనే ముందు ట్రక్కులో చేయి పెట్టి చూడండి. తడి ఎంత, మట్టి ఎంత, చివికిందా లేదా అన్నది అక్కడే తెలుస్తుంది. మట్టితో సహా ఎత్తిపోసిన ట్రక్కుకు, కొట్టంలో గడ్డి పరిచి చివికించిన ట్రక్కుకు ఒకే ధర చెప్పేవారి దగ్గర బేరం ఆడటానికి మొహమాటం అవసరం లేదు.

ఇసుక నేల (బాపట్ల)
తీరం వెంబడి దొరువుల (ఇసుకలో తవ్విన నీటి గుంటల) నీటితో కూరగాయలు, వేరుశనగ వేసే మా ఇసుక నేలల్లో కథ వేరు. ఎంత ఎరువు వేసినా రెండు మూడు పంటలకే ఆనవాలు లేకుండా పోతుంది, రేగడిలోని బంకమన్ను లాగా పట్టి ఉంచేది ఇక్కడ లేదు. అందుచేత ఒకేసారి ఎక్కువ వేయకుండా ప్రతి పంటకూ కొద్దికొద్దిగా వేస్తాము. నీరు లోతు తక్కువలోనే ఉంటుంది కనుక, మోతాదు మించితే నైట్రేటు నేరుగా దొరువులోకే దిగుతుంది. ఎరువు వేసిన మళ్లకు తడి విరామం పెంచుకోగలగడం మాకు కనిపించే అసలు లాభం.

పొగాకు బ్యారన్ (ప్రత్తిపాడు)
పొగాకు వేసేవారికి ఒక జాగ్రత్త. పశువుల ఎరువులో క్లోరైడు ఉంటుంది. వర్జీనియా ఆకులో అది ఎక్కువైతే సరిగా కాలదు, వేలంలో గ్రేడు పడిపోతుంది. కొన్న ఎరువు ఏ నీటితో కడిగిన కొట్టానిదో తెలుసుకోకుండా పొగాకు చేలో వేయవద్దు. వేయదలచుకుంటే ముందు పంటకు వేసుకోవడం మంచిది.

నల్లరేగడి (మేడికొండూరు)
అందరికీ కృతజ్ఞతలు. ఎరువు ఆపడం లేదు, డీఏపీనే మానుకొని చూస్తాను. ఫలితం నిజంగా తెలుసుకోవాలంటే మట్టి నమూనా ఎప్పుడు, ఎలా తీయాలి?

మట్టి పరీక్షకుడు (విజయవాడ)
ఎరువు తోలక ముందు, ఏటా ఒకే నెలలో, 15 సెంటీమీటర్ల లోతు వరకు తీయండి. పాత దిబ్బ పోసిన చోటు, చెట్టు నీడ, గట్టు పక్క వదిలేయండి, లేకపోతే అంకెలు మోసగిస్తాయి. 15 నుంచి 30 సెంటీమీటర్ల పొర నుంచి మరొక నమూనా తీసి లవణ సూచిక చూపించుకుంటే, లవణాలు కిందికి దిగుతున్నాయా పైనే నిలుస్తున్నాయా అన్నది బయటపడుతుంది. చేనంతటా ఒకేసారి మానకుండా, ఒక పక్క కొన్ని సాళ్లకు ఎప్పటిలాగే డీఏపీ వేసి, కోతప్పుడు ఆ కాయను విడిగా తూకం వేయండి. అరుగు మీద నవ్వేవారికి చూపించడానికి కూడా ఆ తూకం పనికొస్తుంది.

నల్లరేగడి (మేడికొండూరు)
తెనాలి వైపు మాకు కొంత మాగాణి ఉంది. వరి కోసిన తర్వాత దున్నకుండా మొక్కజొన్న వేస్తాము. డీఏపీ మానే ఈ పద్ధతి దానికీ పనికొస్తుందా?

పాత అధికారి (గుంటూరు)
దానికి వద్దు. నీరు నిలిచిన మడి ఆరినప్పుడు, వరికి అందిన భాస్వరంలో కొంత తర్వాతి మెట్ట పంటకు అందని రూపంలోకి మారుతుంది. పైగా డిసెంబరు, జనవరి చలిలో లేత వేరు నెమ్మదిగా సాగుతుంది, దున్నరు కనుక ఎరువు కలిపే వీలు కూడా ఉండదు. అక్కడ మొక్కజొన్నకు భాస్వరం విత్తనం పక్కనే వేయండి, పశువుల ఎరువును మాత్రం తొలకరిలో వరి దమ్ముకు ముందు తోలుకోండి.