టీవీలో సినిమా చూసేటప్పుడు నల్ల పట్టీలు ఉంచాలా, తెర నింపాలా?

హనుమకొండ సభ్యుడు:
మా ఇంట్లో 43 అంగుళాల టీవీ ఉంది. సినిమాస్కోప్ చిత్రం, అంటే టీవీ తెర కంటే బాగా వెడల్పైన బొమ్మతో తీసిన సినిమా, పెట్టిన ప్రతిసారీ మా బాపు రిమోట్ అందుకుని, పైనా కిందా ఉన్న నల్ల పట్టీలు మాయమయ్యేదాకా జూమ్ నొక్కుతారు. “పైసలు తెర మొత్తానికి ఇచ్చినం గదా, సగం నల్లగ ఎందుకుండాలె” అన్నది ఆయన వాదన. నిజానికి నల్లగా ఉండేది సగం కాదు, పావు. మా తెర ఎత్తు సుమారు 53 సెంటీమీటర్లయితే, బొమ్మ 40 సెంటీమీటర్లలో ఒదుగుతుంది. ఆ పావు నింపడం కోసం రెండు పక్కలా కలిపి దాదాపు పావు బొమ్మను కోసేసుకుంటున్నాము. ఒక అంచున మాట్లాడే మనిషి, మరో అంచున వినే మనిషి ఉన్న సన్నివేశంలో ఒక్కోసారి ఇద్దరూ సగం సగమే మిగులుతారు. ఇది తప్పని నా అభిప్రాయం.

కాజీపేట సభ్యుడు:
నేను మీ బాపు గారి పక్షం. అరవై దాటిన కళ్లకు పది అడుగుల దూరం నుంచి ముఖం పెద్దగా కనిపించడమే ముఖ్యం. పైగా సినిమావాళ్లే చట్రాన్ని అంత పట్టుదలగా కాపాడలేదు. 1957 నాటి ‘మాయాబజార్’కు రంగులద్ది 2010లో విడుదల చేసినప్పుడు తెరను కూడా సినిమాస్కోప్‌కు మార్చారు. దాన్ని థియేటర్లో మెచ్చుకున్న మనం ఇంట్లో జూమ్ నొక్కిన పెద్దాయనను తప్పుపట్టడం న్యాయమా?

కరీంనగర్ సభ్యురాలు:
ఆ మార్పు కొత్త ప్రతికి, అందరికీ చెప్పి చేసినది. నలుపు తెలుపుల పాత ప్రతి అలాగే ఉంది. నన్ను బాధించేది జూమ్ కాదు, సాగదీయడం. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ 1974లో వచ్చింది. అంతకు ముందువి దాదాపు 4:3 చట్రంలో, అంటే వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు పాళ్లుగా, తీసినవే. వాటిని ఇప్పటి టీవీల 16:9 తెర నిండా లాగితే ప్రతి మనిషీ మూడో వంతు అదనంగా వెడల్పవుతాడు. సావిత్రి గారి గుండ్రటి బొట్టు అడ్డంగా పడుకున్న కోడిగుడ్డవుతుంది. ఘటోత్కచుడి వేషంలోని ఎస్వీ రంగారావు గారికి ఆ అదనపు వెడల్పు అసలే అక్కర్లేదు. ఖిలా వరంగల్ తోరణాన్ని ఎవరైనా అలా సాగదీసి ఫ్లెక్సీ వేస్తే ఊరంతా నవ్వుతుంది, టీవీలో మాత్రం మనకు అలవాటైపోయింది. చానెలే సాగదీసి పంపుతున్నట్లయితే, అమరికల్లో 4:3 ఎంచుకుంటే చాలా టీవీల్లో బొమ్మ తిరిగి సర్దుకుంటుంది. తలలూ పాదాలూ కోసి పంపితే మాత్రం మన రిమోట్‌తో అయ్యేదేమీ లేదు.

హనుమకొండ సభ్యుడు:
నిన్న రాత్రి ఒక పాత చిత్రానికి 4:3 పెట్టి చూశాను. “టీవీ చిన్నగైందేంది” అన్న బాపు, పావుగంట తర్వాత ఆ మాటే మరిచిపోయారు. సినిమాస్కోప్‌కు మాత్రం జూమ్ వదలనంటున్నారు. కాజీపేట వారు చెప్పిన కళ్ల సంగతి నాకు తట్టలేదు. ఆయన కుర్చీని నాలుగడుగులు ముందుకు జరిపి చూస్తాను.