ఎయిర్ కంప్రెసర్‌కి గాలి ఇన్‌లెట్ మానిఫోల్డ్ నుంచి ఇవ్వొచ్చా?

గొల్లపూడి లారీ:
బండి 12 టైర్ల లారీ, బీఎస్3. 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో ఇంటర్‌కూలర్ ఇంజిన్, మెకానికల్ పంపు. బ్రేకుల గాలి ట్యాంకు నింపే కంప్రెసర్ సింగిల్ సిలిండర్, 318 సీసీ, గేర్ డ్రైవ్, హెడ్డుకి నీళ్ల లైను ఉంది. దానికి గాలి ఎయిర్ ఫిల్టరుకీ టర్బోకీ మధ్య గొట్టం నుంచి వస్తోంది. లిఫ్ట్ యాక్సిల్ (గాలితో ఎత్తి దించే అదనపు ఇరుసు) వాడినా, విజయవాడ బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో వరసగా బ్రేకులు తొక్కినా గేజి 5.5 బార్‌కి పడిపోతోంది, మళ్లీ ఎక్కడానికి చాలాసేపు పడుతోంది. ఆ హోసు పీకి మానిఫోల్డుకి కలిపితే టర్బో గాలి తోసి ట్యాంకు రెట్టింపు వేగంతో నిండుతుందని ఆటోనగర్‌లో అంటున్నారు. నిజమేనా? అసలు టర్బో ఎలాగూ గాలిని నొక్కుతోంది కదా, నేరుగా ట్యాంకుకే ఇస్తే కంప్రెసర్ ఎందుకు?

గేజి చూడందే నమ్మను:
రెండో ప్రశ్న ముందు తేల్చేద్దాం. ట్యాంకు కట్-ఔట్ (నిండిందని నింపడం ఆగే పీడనం) 8.5 బార్ దగ్గర ఉంటుంది. మీ ఇంజిన్ నిండు లోడు మీద ఇచ్చే బూస్టు (టర్బో అదనంగా పెంచే పీడనం) ఒకటిన్నర బార్ అనుకోండి. ఆ గాలి 8.5 బార్ ట్యాంకులోకి ఎలా పోతుంది? కంప్రెసర్ ఉండాల్సిందే.

మొదటి దాంట్లో లెక్క మాత్రం తప్పు కాదు, రెట్టింపు కంటే ఎక్కువే. మామూలు గాలి పీలిస్తే కంప్రెసర్ 1 బార్‌ని 9.5 బార్ (వాతావరణ పీడనం కలిపి) చేయాలి, నిష్పత్తి తొమ్మిదిన్నర. 1.5 బూస్టు ఇస్తే 2.5 నుంచి 9.5, అంటే 3.8. లోపలికొచ్చే గాలి చిక్కబడుతుంది. పైగా పిస్టన్ పైన మిగిలిపోయే కాస్త జాగాలో నొక్కుకున్న గాలి తిరిగి వ్యాకోచించి మింగేసే చోటు కూడా తగ్గుతుంది. రెండూ కలిపితే కాగితం మీద రెండున్నర రెట్లు దాటుతుంది.

వేడి సంగతి గొట్టం ఎక్కడ కలిపారన్న దాన్ని బట్టి. మన ఎండాకాలం 45 డిగ్రీల గాలిని ఏ చల్లదనమూ లేకుండా తొమ్మిదిన్నర రెట్లు నొక్కితే సిద్ధాంతం ప్రకారం 330 డిగ్రీలు దాటుతుంది. నీళ్ల హెడ్డు ఉంది కాబట్టే అంతకెళ్లదు. ఇంటర్‌కూలర్ తర్వాత 60 డిగ్రీల దగ్గర తీసుకున్న బూస్టు గాలికి అదే లెక్క 215. ఇంటర్‌కూలర్ ముందు, 150 డిగ్రీల దగ్గర తీసుకుంటే 350. అంటే ఇంటర్‌కూలర్ ముందు గొట్టం నుంచి ఎప్పుడూ తీయకూడదు, రీడ్ వాల్వుల (గాలిని ఒకే దిక్కుకి వదిలే పల్చటి రేకుల) మీద నూనె మాడి బొగ్గవుతుంది.

ఇంత మంచి లెక్క మీ బండికి అక్కరకు రాదు. టర్బో తిరిగేది ఎగ్జాస్టు బలం మీద, ఆ బలం వచ్చేది లోడు మీద. పొద్దున ట్యాంకు ఖాళీగా ఐడిల్‌లో ఉన్నప్పుడు బూస్టు సున్నా. బెంజి సర్కిల్లో ఆగి ఆగి వెళ్తుంటే దాదాపు సున్నా. ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేస్తారు, అప్పుడూ సున్నా. బూస్టు నిండుగా ఉండేది ఎత్తు ఎక్కేటప్పుడు, అక్కడ ఎవరూ బ్రేకు తొక్కరు!

రీడ్ వాల్వు:
పై లెక్కకి ఒక చేర్పు. 5.9 లీటర్ల ఇంజిన్ చుట్టుకి పీల్చేది 2.95 లీటర్లు. గేరు ఒకటికి ఒకటైతే కంప్రెసర్ చుట్టుకి 0.318 లీటర్లు. గాలి ఎక్కుతున్నంతసేపూ మానిఫోల్డ్ గాలిలో దాదాపు పదో వంతు అది తాగుతుంది. మెకానికల్ పంపు దానికి తగ్గట్టు డీజిల్ తగ్గించకపోతే ఎత్తు మీద నల్ల పొగ వస్తుంది.

అంతకన్నా పెద్ద తలనొప్పి కట్-ఔట్ అయ్యాక. అప్పుడు అన్‌లోడర్ తెరుచుకుని కంప్రెసర్ గాలిని బయటికి వదిలేస్తుంది. ఇన్‌లెట్, డెలివరీ రీడ్లు రెండూ ఒకే దిక్కుకి తెరుచుకునేవి, అవతల ఉన్నది వాతావరణం. కాబట్టి బూస్టు గాలి రెండు రీడ్లనీ తోసుకుని ఎడతెగకుండా బయటికి పోతుంది. డ్రయ్యర్ (గాలిలో తేమ తీసే డబ్బా) ఉంటే దాని కింద ఆగని ఈల, బండికి పుల్లింగ్ తక్కువ, దాని పర్జ్ వాల్వు (గాలి, నీరు బయటికి వదిలేది) త్వరగా అరగడం, అన్నీ అక్కడి నుంచే. ఫ్యాక్టరీలోనే మానిఫోల్డ్ గాలి ఇచ్చే బండ్లకి దీనికి ఏర్పాటుంటుంది. ఉదాహరణకి బెండిక్స్ ఏడీ-9 డ్రయ్యర్‌లో టర్బో కట్-ఆఫ్ వాల్వు ఉంటుంది, పర్జ్ సమయంలో కంప్రెసర్ లైను మూసేస్తుంది. మీ బండికి విడి అన్‌లోడరే ఉంటే అందులో అలాంటిది ఉండదు. కంప్రెసర్ కూడా టర్బో ఇన్‌లెట్‌కి తయారీదారు ఒప్పుకున్న మోడల్ అయి ఉండాలి. లేకపోతే కనెక్టింగ్ రాడ్ బేరింగు, హెడ్ గ్యాస్కెట్ మీద లోడు పెరుగుతుంది, రింగుల పక్క నుంచి బూస్టు ఇంజిన్ సంప్‌లోకి (అడుగున నూనె తొట్టిలోకి) దిగి బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) ఊదుతుంది. బీఎస్6 బండి మీద అయితే ఇది అసలు ముట్టుకోవద్దు, బూస్టు లీక్ కోడు పడి పవర్ తగ్గిస్తుంది.

గేజి చూడందే నమ్మను:
హోసు జోలికి పోకుండా ముందు ఇవి చూడండి. ఇంజిన్ నిండు స్పీడులో పెట్టి 85 నుంచి 100 పీఎస్ఐకి (సుమారు 5.9 నుంచి 6.9 బార్) ఎన్ని సెకన్లో లెక్కపెట్టండి. అమెరికాలో వాడే కొలత 45 సెకన్లు, దాటితే తప్పెక్కడో ఉంది. తర్వాత ఇంజిన్ ఆపి, బ్రేకు వదిలి నిమిషానికి 2 పీఎస్ఐ, తొక్కి పట్టి 3 పీఎస్ఐ కంటే ఎక్కువ పడకూడదు. పడితే సబ్బు నీళ్లు తీసుకోండి. మీ వివరణ ప్రకారం నా అనుమానం లిఫ్ట్ యాక్సిల్ బెల్లోస్ (గాలి సంచి), దాని సోలెనాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకునే వాల్వు) మీద. దించి ఒకసారి, ఎత్తి ఒకసారి చూడండి.

లీకు లేకుండా నింపడమే నెమ్మదైతే డెలివరీ పైపు విప్పండి, హెడ్డు దగ్గరి మొదటి అడుగులోనే బొగ్గు కడుతుంది. కట్టి ఉంటే మార్చేయాలి, కాల్చి కొట్టి శుభ్రం చేస్తే ఊడిన పెచ్చులు అన్‌లోడర్ సీటులో కూర్చుంటాయి. పైపు బాగుంటే అన్నీ బిగించి, నిండుతున్నప్పుడు ఇన్‌లెట్ హోసు తీసి అరచెయ్యి దగ్గర పెట్టండి. లోపలికి లాగడం కాక వెనక్కి ఊదితే ఇన్‌లెట్ రీడ్ పోయినట్టే. కట్-ఇన్ (మళ్లీ నింపడం మొదలయ్యే పీడనం) కంటే తక్కువలోనూ అన్‌లోడర్ నుంచి గాలి వస్తుంటే అది శుభ్రం చేయాలి.

ఎయిర్ ఫిల్టరు మరిచిపోవద్దు. అది మూసుకుంటే మీ కంప్రెసర్ వాక్యూమ్‌లో పీలుస్తుంది, రింగుల మీదుగా నూనె లాగుతుంది. నీటి మానోమీటర్‌లో 635 మిల్లీమీటర్లు దాటితే ఫిల్టరు మార్చాల్సిందే.

బూడిద బల్కర్:
ఇబ్రహీంపట్నం థర్మల్ బూడిద గాలితో దించే బల్కర్‌కి (పొడి సరుకు ట్యాంకరుకి) 2 బార్ చాలు కదండీ. దానికైనా టర్బో గాలి పనికొస్తుందా?

రీడ్ వాల్వు:
పైన అనుకున్న ఒకటిన్నర బార్ బూస్టు 2 బార్‌కి సరిపోదు, గాలీ చాలదు. బల్కర్ బ్లోయర్లు నిమిషానికి 10,000 లీటర్ల దాకా మామూలు గాలి తోస్తాయి. పైన చెప్పిన ఇంజిన్ 1,500 ఆర్‌పీఎంలో నిండు బూస్టు మీద మొత్తం పీల్చేదే ఇంచుమించు అంత. అదీ కాక నిలబెట్టిన బండికి లోడు ఏది? లోడు లేనిదే ఆ బూస్టూ రాదు. పీటీఓ (ఇంజిన్ శక్తిని బయటి పరికరానికి ఇచ్చే గేరు) మీద కంప్రెసర్, లేదా విడి ఇంజిన్ బ్లోయర్, అంతే.

గొల్లపూడి లారీ:
లిఫ్ట్ యాక్సిల్ ఎత్తి పెట్టి చూస్తే నిమిషానికి 5 పీఎస్ఐ పడుతోంది, దించితే 1. సోలెనాయిడ్ ఎగ్జాస్టు దగ్గర సబ్బు బుడగలు. హోసు ఉన్నచోటే ఉంచుతున్నా.