జపాన్‌లో భూకంపాల స్మృతిదినాలు: మీ ఇళ్లలో ఏం చేస్తున్నారు?

టోక్యోకు కొత్తగా వచ్చిన తల్లి:
సెప్టెంబరు 1న భూకంప అభ్యాసంలో భాగంగా తల్లిదండ్రులు స్వయంగా వచ్చి పిల్లలను తీసుకువెళ్లాలని బడివారు కబురు పంపారు. వెళ్లి చూస్తే, మా అబ్బాయి దూది పెట్టి కుట్టిన ముసుగు తలకు తొడుక్కుని వరుసలో కూర్చుని ఉన్నాడు. ఇక్కడ చాలాకాలంగా ఉంటున్న తెలుగువారు ఈ రోజున ఇంట్లో ఏం చేస్తారో దయచేసి చెప్పండి.

పద్నాలుగేళ్లకు పైగా టోక్యో:
1923లో టోక్యో పరిసరాలను కుదిపేసిన కాంతో భూకంపం అదే తేదీన ఉదయం 11:58కి, ఇళ్లలో మధ్యాహ్నపు వంట సాగుతున్న వేళ వచ్చింది. చనిపోయినవారు, గల్లంతైనవారు సుమారు 1,05,000 మంది కాగా, వారిలో అత్యధికులను బలిగొన్నది మంటలే. 1960 నుంచి ఆ రోజును విపత్తు నివారణ దినంగా పాటిస్తున్నారు. ఆ రోజు నేను ముందుగా గ్యాస్ మీటరు దగ్గరకు వెళతాను. గట్టిగా కంపిస్తే అది తనంతట తానే గ్యాస్‌ను ఆపేస్తుంది. తూర్పు జపాన్ భారీ భూకంపం వచ్చిన 2011 మార్చి 11 రాత్రి దాన్ని మళ్లీ తెరవడం తెలియక వరండాలో సెల్‌ఫోన్ వెలుగులో నిలబడిపోతే, పక్కింటి పెద్దావిడ వచ్చి ఏ బొత్తాం నొక్కాలో చూపించారు. మీరు పగటిపూటే చూసి పెట్టుకోండి.

కోబే నివాసి:
మాకు జనవరి 17 ముఖ్యం. 1995లో భూకంపం వచ్చిన ఉదయం 5:46కి హిగాషి యూఎన్‌చి ఉద్యానవనంలో దీపాల చుట్టూ జనం మౌనంగా నిలబడతారు; ఆ చలిలో పక్కనున్నవారి ఊపిరి కూడా వినిపిస్తుంది. ఆ విపత్తులో 6,434 మంది మరణించారు, చాలామంది కూలిన ఇళ్ల కింద, సామాన్ల కింద నలిగిపోయారు. ఏటా ఆ రోజు ఇంటికి వచ్చి బీరువాల బిగింపులు పరీక్షిస్తాను. 2018 జూన్‌లో ఒసాకా భూకంపానికి మా పై అరలోని ఆవకాయ జాడీ పాప మంచం పక్కనే పడి పగిలింది. అప్పటినుంచి జాడీలు, గ్రైండరు నేలమీదే ఉంటున్నాయి.

హనుమకొండ నుంచి:
2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు మా అమ్మగారు భయపడి మెట్ల మీదకు పరుగెత్తారు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతంలో వచ్చిన భూకంపం సంగతి అప్పుడే నాన్నగారు చెప్పగా తొలిసారి విన్నాను. మన బడుల్లో కూడా ఇలాంటి తేదీన పిల్లలను బల్లల కిందకు చేర్చే అభ్యాసం జరిపితే బాగుంటుందని గట్టిగా కోరుకుంటున్నాను.

టోక్యోకు కొత్తగా వచ్చిన తల్లి:
అందరికీ కృతజ్ఞతలు. మా మీటరు తలుపు పక్కనే ఉన్న చిన్న అరలో కనిపించింది. మా ఇంట్లోనూ జాడీ పై అరలోనే ఉంది; ఇప్పుడే దించుతున్నాను.