నంబూరు దగ్గర ఖాళీ ప్లాటు త్వరగా అమ్ముడుపోవాలంటే ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. కొని అమ్మే ఉద్దేశంతోనే గుంటూరు, విజయవాడ మధ్య నంబూరు వైపు 200 గజాల ప్లాటు తీసుకున్నాను. సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) అప్రూవ్డ్ లేఅవుట్, తూర్పు ఫేసింగ్. లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), తాజా ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం) రెడీ. రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితాలోనూ లేదు. అయినా బేరం తెగడం లేదు.

అమరావతి పేరు చెప్పి అమ్మేవాళ్లు రేటు దిగడం లేదు, కొనేవాళ్లేమో "ఇంకాస్త చూద్దాం" అంటున్నారు. పైగా నా ప్లాటుకే ఒక్కో బ్రోకరు ఒక్కో రేటు చెబుతున్నాడట! ఒకరికే రెండు శాతం కమిషన్ ఇచ్చి అప్పగించడం మేలా?

మొన్న ఒక జంట చూడటానికి వచ్చారు. సర్కారు తుమ్మ నడుమెత్తు పెరిగి హద్దురాళ్లు కనపడలేదు. ఆవిడ కారు కూడా దిగలేదు. జేసీబీతో చదును చేయించి రాళ్లకు సున్నం వేయిస్తే చాలా, ప్రహరీ కూడా కట్టించాలా? ఆ ఖర్చు రేటులో తిరిగొస్తుందా?

బయానా తీసుకుని రిజిస్ట్రేషన్‌కు మూడు నెలల గడువిస్తే ఎవరైనా ముందుకొస్తారా? కొని 24 నెలలు దాటింది కాబట్టి దీర్ఘకాలిక మూలధన లాభంగా లెక్కిస్తే పన్ను 12.5 శాతం. కానీ అమ్మే ఉద్దేశంతోనే కొన్నాను కాబట్టి దాన్ని వ్యాపార ఆదాయంగా లెక్కించవచ్చు, అది ఆడిటర్‌ను అడగాలి.

రేటు తగ్గించమనే సలహా మాత్రం ఆఖర్న చెప్పండి. ఆ చుట్టుపక్కల ఈమధ్య అమ్మినవాళ్లుంటే కొనేవాళ్లు ఎలా దొరికారో చెబితే చాలు.